సివిల్, 7.3 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, జీఆర్‌ఈ 309. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఎంఎస్‌కి అడ్మిట్ వస్తుందా?

నల్గొండ_సివిల్

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి ప్లీజ్.

నాది బీటెక్ సివిల్, జేఎన్‌టీయూహెచ్ కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో చదివాను, 2024లో పాసయ్యాను. సీజీపీఏ 7.3. మ్యాథ్స్-2 ఒకసారి పోయింది, స్ట్రక్చరల్ అనాలిసిస్ రెండుసార్లు పోయి మూడోసారి గట్టెక్కాను. అంటే సబ్జెక్టుల లెక్కన రెండు బ్యాక్‌లాగ్స్, అటెంప్టుల లెక్కన మూడు. ఎక్కడ ఏది చెప్పాలో కూడా తెలియట్లేదు. జీఆర్‌ఈ 309 (క్వాంట్ 161, వెర్బల్ 148, రైటింగ్ 3.5). ఐఈఎల్‌టీఎస్ 7, అందులో స్పీకింగ్ 6.5. పాసయ్యాక ఏడాది పైగా కొంపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సైట్ ఇంజినీర్‌గా చేస్తున్నాను.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఫ్లోరైడ్ (నీళ్ళలో ఎక్కువైతే ఎముకల్ని దెబ్బతీసేది) మీద చేశాం. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో 38 బోర్ల నుంచి నీళ్ళు పట్టుకొచ్చి కాలేజీ ల్యాబ్‌లో టెస్ట్ చేశాం. మాది ఆ పక్క ఊరే. మా నాయనమ్మ చివరి పదేళ్ళు నడుము నిటారుగా పెట్టలేకపోయింది, మోకాళ్ళు చాపలేక పక్కకి ముడుచుకునే పడుకునేది, చిన్నప్పుడు నాకు అది ముసలితనమే అనిపించేది. ఇప్పుడు తాగడానికి భగీరథ నీళ్ళు వస్తున్నాయి కానీ పొలం దగ్గర, పశువులకి, పైపు పగిలిన రోజున ఇంట్లోకి కూడా బోరు నీళ్ళే. అందుకే నాకు నీళ్ళ మీదే చదవాలని ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. సివిల్‌కి స్కోప్ లేదు, డేటా అనలిటిక్స్ పెట్టుకో అన్నారు. వాళ్ళ లిస్టులో ఆరు యూనివర్సిటీలు ఉన్నాయి, అన్నిట్లో అడ్మిట్ గ్యారంటీ అట, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో మనం రాసే వ్యాసం) వాళ్ళే రాస్తారట, కావాలంటే ఐటీలో చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇప్పిస్తారట. బయటికొచ్చాక నాన్న ఏం మాట్లాడలేదు, బస్సెక్కాక మాత్రం "నీళ్ళ చదువు అన్నవు గదా బిడ్డా" అన్నాడు.

డబ్బు సంగతి: మాకు మూడెకరాల బత్తాయి తోట, ఊళ్ళో ఇల్లు. ఇల్లు తాకట్టు పెడితే 25 లక్షల దాకా లోన్ ఇస్తామని బ్యాంకులో అన్నారు, ఇంట్లో ఇంకో 5 లక్షలు కూడగట్టగలం. అంతకు మించి లేదు.

2026 ఫాల్‌కి (ఆగస్టు సెమిస్టర్‌కి) అప్లై చేద్దామని ఉంది. నా ప్రొఫైల్‌కి అడ్మిట్ వచ్చే అవకాశం ఎంత? బ్యాక్‌లాగ్స్ చెప్పకుండా ఉండొచ్చా? ఏ యూనివర్సిటీలు చూడాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, బాధపడను.

వాటర్_ల్యాబ్_వరంగల్

చెల్లీ, నేనూ సివిలే, వరంగల్ దగ్గర. ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో తాగునీటి ట్రీట్‌మెంట్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో సంవత్సరం. నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, వాటిని విడదీస్తే తప్ప జవాబు రాదు.

సొంత డబ్బుతో చదువుకుంటానంటే అడ్మిట్ వస్తుందా? వస్తుంది. 7.3, 309, క్లియరైన బ్యాక్‌లాగ్స్‌తో మధ్యస్థ స్థాయి స్టేట్ యూనివర్సిటీల్లో ఎన్విరాన్‌మెంటల్ ఎంఎస్‌కి రాకపోవడానికి పెద్ద కారణం లేదు. కంప్యూటర్ సైన్స్‌కి వచ్చినన్ని అప్లికేషన్లు మన వైపు రావు. కానీ ఆ అడ్మిట్ చేతికొచ్చాక ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద ఒక్క ఏడాదికి చూపించమనే మొత్తం చూడు, చాలా స్టేట్ యూనివర్సిటీల్లో ట్యూషన్, ఉండటం, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 35 నుంచి 55 వేల డాలర్ల మధ్యలో ఉంటుంది. 40 వేలే అనుకో, డాలర్ 88 రూపాయల లెక్కన 35 లక్షలు. మీ దగ్గర ఉన్నది మొత్తం 30. అంటే మొదటి సంవత్సరం కూడా దాటదు. అక్కడికెళ్ళి పార్ట్‌టైమ్ చేసి కట్టేస్తా అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలకు మించి చేయకూడదు, దాంతో ఇంటి అద్దె, కిరాణా గడుస్తాయి అంతే, ట్యూషన్ కాదు.

కాబట్టి నువ్వు అడగాల్సింది ఫండింగ్‌తో వస్తుందా అని. అది కష్టం. ఈ రెండేళ్ళలో ఇంకా కష్టమైంది. 2025లో ఎన్‌ఎస్‌ఎఫ్, ఈపీఏ లాంటి ప్రభుత్వ సంస్థల (ఒకటి సైన్స్ రీసెర్చ్‌కి డబ్బిచ్చేది, ఇంకొకటి పర్యావరణ సంస్థ) నుంచి రావాల్సిన గ్రాంట్లు చాలా మధ్యలోనే రద్దయ్యాయి, దాంతో కొన్ని డిపార్ట్‌మెంట్లు కొత్తవాళ్ళని తీసుకోవడం బాగా తగ్గించాయి. మా ల్యాబ్‌లో కూడా ఈ ఏడు ఇద్దరు రావాల్సింది, ఒక్కరే వచ్చారు. ఇదంతా నిన్ను భయపెట్టడానికి రాయట్లేదు, నీ ప్లాన్ దీన్ని లెక్కలో పెట్టుకుని ఉండాలి.

ఇప్పుడు నీ దగ్గర ఉన్న బలం గురించి. నువ్వు ప్రాజెక్టు గురించి రెండే వాక్యాలు రాసి సీజీపీఏ గురించి పేరా రాశావు, తలకిందులుగా రాయాల్సింది. మా సబ్జెక్టులో డీఫ్లోరిడేషన్ (నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేయడం) అని ఏ పుస్తకం తెరిచినా నల్గొండ టెక్నిక్ అని ఉంటుంది. 1970ల్లో నీరి (నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారు చేసిన పద్ధతి, సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, తేర్చి వడగట్టడం. ఆఫ్రికాలో పనిచేసినవాళ్ళు కూడా ఆ పేరుతోనే రాస్తారు. నువ్వు ఆ జిల్లా పిల్లవి, ఆ బోర్ల నీళ్ళు నీ చేత్తో పట్టుకున్నావు. అమెరికాలో ఫ్లోరైడ్ సమస్య లేదనుకోకు, టెక్సాస్‌లో లబ్బక్ చుట్టుపక్కల ఒగల్లాలా భూగర్భ జలాల్లో సహజంగానే ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఉన్నాయి. మన దగ్గర పరిమితి లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5, అక్కడ ఈపీఏ పరిమితి 4. ఈ తేడా ఎందుకో చదువుకో, ఇంటర్వ్యూలో ఎవరైనా ప్రొఫెసర్ మాట్లాడితే ఆ సంభాషణ అక్కడికే వెళ్తుంది.

ఒకటి అడుగుతాను. ఫ్లోరైడ్ దేనితో కొలిచారు? స్పాడ్న్స్ (రంగు మార్పు చూసి కొలిచే పద్ధతి) అయితే ఆల్కలినిటీ (క్షారత) ఎక్కువున్న శాంపిల్స్‌లో రీడింగ్ తేడా కొడుతుంది, మీకు అలా ఏమైనా వచ్చిందా? వస్తే దాన్ని దాచకు, ఎస్‌ఓపీలో అదే అసలు విషయం.

యూనివర్సిటీల సంగతి. పేరు చూసి కాదు, నీళ్ళ మీద ఎవరు పనిచేస్తున్నారో చూసి లిస్ట్ చెయ్. వర్జీనియా టెక్, అరిజోనా స్టేట్ రెండూ నీటి పనికి పెద్ద పేర్లు, నీకు కష్టమే కానీ ఒకటి పెట్టొచ్చు. టెక్సాస్ టెక్ లబ్బక్‌లోనే ఉంది. ఎల్ పాసోలో యూటీఈపీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, ఎల్ పాసో) చూడు, ఆ ఊరి వాళ్ళు భూమిలోని ఉప్పునీటిని డీశాలినేట్ చేసి తాగుతారు, రోజుకి 2.75 కోట్ల గ్యాలన్లు తీసే ప్లాంటు ఉంది, యూనివర్సిటీలో దానికి సంబంధించి ప్రత్యేకంగా సెంటర్ ఉంది. న్యూ మెక్సికో స్టేట్ కూడా అలాంటిదే, అలమొగోర్డోలో ఉప్పు భూగర్భ జలాల మీద ఫెడరల్ రీసెర్చ్ కేంద్రం ఉంది. నెబ్రాస్కా–లింకన్‌లో భూగర్భ జలాల్లో నైట్రేట్ మీద చాలా పని జరుగుతుంది. అన్నీ కలిపి ఏడెనిమిదికి మించొద్దు, ఒక్కో దానికి 60 నుంచి 100 డాలర్లు ఫీజు, మీకది చిన్న మొత్తం కాదు.

అప్లికేషన్‌లో థీసిస్ (రీసెర్చ్ చేసే) ఆప్షన్ పెట్టు. కోర్స్‌వర్క్ ఎంఎస్‌కి, ఎంఈంజీకి (మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్) ఫండింగ్ దాదాపు ఉండదు. ఫండింగ్ కావాలంటే డెడ్‌లైన్ డిసెంబర్, జనవరి మొదట్లోనే, వెబ్‌సైట్‌లో మే దాకా చూపిస్తున్నా అది డబ్బు కట్టేవాళ్ళకి. ఇంకొకటి, టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌కి (క్లాసుల్లో సాయం చేసినందుకు యూనివర్సిటీ డబ్బిచ్చే పని) చాలా చోట్ల స్పీకింగ్ స్కోర్ విడిగా చూస్తారు, 6.5 కొన్నిచోట్ల సరిపోదు, ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీలో అది చూసుకో.

అడ్మిషన్ కంటే ముందు ప్రొఫెసర్లకి మెయిల్ రాయి. వంద మందికి ఒకే మెయిల్ కాదు, ఆరుగురికి ఆరు మెయిల్స్. ఒక్కొక్కరి పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో నీ డేటాకి తగిలే ఒక్క విషయం పట్టుకుని, పది లైన్లలో. ఫండింగ్ ఉందా అని మొదటి లైన్‌లో అడగొద్దు.

అనలిటిక్స్_డాలస్

నేను నీ కన్సల్టెన్సీ చెప్పిన దారిలోనే వెళ్ళాను కాబట్టి చెప్తున్నా. సివిల్ నుంచి డేటా అనలిటిక్స్‌కి మారాను, 2023లో అయిపోయింది. ఇష్టం ఉండి మారితే తప్పులేదు, నాతో చదివినవాళ్ళలో బాగా సెటిలైనవాళ్ళున్నారు. నాకు ఇష్టం లేదు, అందరూ అన్నారని మారాను. ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే గడువు) మొదలయ్యాక ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండొచ్చు, నేను ఆ రోజుల్ని ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఒక్కొక్కటే కొట్టేసేదాన్ని, 84వ రోజున ఆఫర్ వచ్చింది. అన్ని ఇంటర్వ్యూల్లో అడిగేది ఒకటే, అంతకుముందు ఈ పని ఏం చేశావు అని, నా దగ్గర జవాబు లేదు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ మాత్రం ముట్టుకోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే ఉద్యోగం ఒక్కటే కాదు, వీసా ఫైల్‌లో మోసం అని పడితే జీవితాంతం వెంటాడుతుంది.

సివిల్, ఎన్విరాన్‌మెంటల్ కూడా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందే వస్తాయి, ఓపీటీ 12 నెలల తర్వాత ఇంకో 24 నెలలు నీకూ ఉంటుంది. ఆ కారణంగా మారాలని ఎవరైనా చెప్తే అది నిజం కాదు. చదివేటప్పుడే ఎఫ్ఈ (ఇంజినీర్ లైసెన్సుకి మొదటి మెట్టు) పరీక్ష రాసేయ్, ఇక్కడ సివిల్ కంపెనీలు అది అడుగుతాయి.

గ్రాడ్_ఆఫీస్_కుర్రాడు

బ్యాక్‌లాగ్స్ దాచడం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నానండి. నేను ఎంఎస్ చేసేటప్పుడు మా యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ ఆఫీసులో మూడు సెమిస్టర్లు పనిచేశాను. నిర్ణయాలు నావి కావు, ఫైల్స్ సరిగ్గా ఉన్నాయా లేదా చూసి కమిటీకి పంపడమే నా పని. కానీ రోజూ చూస్తే చాలా అర్థమవుతుంది.

దాచొద్దు. దాచలేరు కూడా. సెమిస్టర్ మెమోల మీద పరీక్ష రాసిన నెల, సంవత్సరం ఉంటాయి కదా. రెండో సంవత్సరం సబ్జెక్టు ఎప్పుడో తర్వాత పాసైనట్టు కనిపిస్తే అక్కడ కూర్చున్నవాళ్ళు ఇండియా మెమోలు ఏళ్ళ తరబడి చూస్తున్నవాళ్ళు, ఒక్క నిమిషంలో పట్టేస్తారు. ఒకసారి దాచారని తెలిస్తే అడ్మిట్ ఇచ్చాక కూడా వెనక్కి తీసుకుంటారు. అటెంప్టులు మూడు అని అడిగితే మూడు అని రాయండి, సబ్జెక్టులు అని అడిగితే రెండు. అడగకపోతే మెమో చెప్తుంది, మీరు ప్రత్యేకంగా పేరా రాయనక్కర్లేదు. నిజమైన కారణం ఉంటే ఒక్క వాక్యం చాలు.

7.3ని మీరే నాలుగుకి మార్చి 2.92 అని రాయకండి. చాలామంది పదితో భాగించి నాలుగుతో గుణించి తమ స్కోర్ తామే తగ్గించుకుంటారు. ఫామ్‌లో మీ స్కేల్ పది అని పెట్టి 7.3 అనే రాయండి. కొన్ని యూనివర్సిటీలు వాళ్ళే లెక్క చూసుకుంటాయి, కొన్ని బయటి ఏజెన్సీ చేత ఎవాల్యుయేషన్ అడుగుతాయి, వాళ్ళు సబ్జెక్టు సబ్జెక్టూ చూస్తారు, ఫలితం మీ లెక్క కంటే సాధారణంగా మెరుగ్గానే వస్తుంది.

ఎస్‌ఓపీ కన్సల్టెన్సీ రాయడం గురించి ఒకటి చూశాను, మర్చిపోలేను. ఒక ఫిబ్రవరిలో ఒకే వారం మూడు ఫైల్స్ వచ్చాయి, ముగ్గురూ ఒకే ఊరు, ముగ్గురి ఎస్‌ఓపీ కూడా చిన్నప్పుడు నాన్న పాత కంప్యూటర్ విప్పి చూపించిన రోజుతో మొదలైంది, మూడింట్లోనూ ఆ కంప్యూటర్ మీద గీత పడిన మానిటర్ ఉంది. మా ఆఫీసు మేడమ్ మూడూ ప్రింట్ తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఆ గీత దగ్గర పసుపు రంగు మార్కర్‌తో గీసి, ఏం మాట్లాడకుండా కమిటీ ఛైర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి మార్కులు చాలా బాగున్నాయి. ఆమెకి రాలేదు. ఆమెకి కారణం కూడా ఎప్పటికీ తెలియదు, అలాంటివి ఉత్తరంలో రాయరు.

"గ్యారంటీ అడ్మిట్" అనే మాట వింటే మన తెలుగువాళ్ళు ఆగి ఆలోచించాలి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అక్కడున్న పిల్లల్లో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్ళే, కొందరి కాళ్ళకి ట్రాకర్లు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అని బయటపడింది, అది ఏకంగా అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన దొంగ యూనివర్సిటీ, అందులోనూ మనవాళ్ళే. మీ కన్సల్టెన్సీ లిస్టులో ఉన్నవి అలాంటివని నేను అనట్లేదు. కానీ వాళ్ళ లిస్టులో ఉండేవి కమిషన్ ఇచ్చే యూనివర్సిటీలు, మీకు సరిపోయేవి కాదు, ఆ రెండూ ఒకటే అయితే మీ అదృష్టం.

ఇంకొక చిన్న విషయం. ఫండింగ్‌తో ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వీలు ఉంటుంది, చాలా యూనివర్సిటీలు ఆ ఒప్పందంలో ఉన్నాయి. వారంలో చెప్పు అని ఎవరైనా ఒత్తిడి పెడితే ఆ తేదీ గుర్తుచేయండి, మర్యాదగానే.

నల్గొండ_సివిల్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి నాన్నకి మొత్తం చదివి వినిపించాను.

వరంగల్ అన్నా, అవును, స్పాడ్న్స్‌తోనే కొలిచాం. డిసెంబర్‌లో మొదటిసారి 38 బోర్ల నీళ్ళు తెచ్చి చూస్తే కొన్ని శాంపిల్స్‌లో రీడింగ్ ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా వచ్చింది, మా గైడ్ సార్ వేరే కాలేజీలో ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్‌ని నేరుగా కొలిచే పరికరం) ఉంటే కొన్ని శాంపిల్స్ అక్కడ చేయించారు, అక్కడ తేడా బయటపడింది. ఆల్కలినిటీ కూడా కొలవాలని ఏప్రిల్‌లో మళ్ళీ తిరిగాం. నేను దాన్ని మా తప్పు అనుకుని రిపోర్టులో కూడా చివర్లో చిన్నగా రాశాను.

రెండు డౌట్స్. నాయనమ్మ సంగతి ఎస్‌ఓపీలో రాయాలా? సానుభూతి కోసం రాసినట్టు ఉంటుందేమో అని భయం. ఇంకొకటి, సగం లోన్, సగం ఫండింగ్ ఉంటే వీసాలో ఇబ్బంది అవుతుందా?

వాటర్_ల్యాబ్_వరంగల్

రాయి. రెండు వాక్యాలు. ఇక్కడ రాసినట్టే రాయి, ముడుచుకుని పడుకునేది, ముసలితనం అనుకున్నాను అని. తర్వాత పదిహేను వాక్యాలు ఆ రీడింగ్ తేడా మీద. డిసెంబర్‌లో ఏం వచ్చింది, ఎందుకు అనుమానం వచ్చింది, ఎలక్ట్రోడ్‌తో ఎంత వచ్చింది, ఏప్రిల్‌లో ఎందుకు మళ్ళీ వెళ్ళారు. కొలిచింది తప్పని తెలిసి మళ్ళీ 38 బోర్ల చుట్టూ తిరిగిన మనిషిని ఏ ప్రొఫెసర్ అయినా ల్యాబ్‌లో పెట్టుకోవాలనుకుంటారు. స్ట్రక్చరల్ అనాలిసిస్ ఎన్నిసార్లు పోయిందో ఆయనకి అంతగా పట్టదు.

రెండోసారి_వచ్చింది

వీసా గురించి నేను చెప్తాను. 2024లో నాకు మొదటిసారి రిజెక్ట్ అయింది, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా లేదు. ఎందుకు ఈ యూనివర్సిటీ అని అడిగారు. ర్యాంకింగ్, ఫ్యాకల్టీ, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అని కన్సల్టెన్సీ వాళ్ళు బట్టీ పట్టించింది గడగడా చెప్పేశాను. మొదటి సెమిస్టర్‌లో తీసుకోబోయే ఒక్క కోర్సు పేరు చెప్పు అన్నారు. నోరు పెగల్లేదు. చేతిలో 214(బి) (వీసా ఇవ్వట్లేదని చెప్పే సెక్షన్) అని కాగితం పెట్టారు, అంతే. బయట చెట్టు కింద అన్నయ్య ఎదురుచూస్తున్నాడు, నా నడక చూసే అర్థమైపోయిందట.

రెండోసారి వెళ్ళేలోపు డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ మొత్తం చదివాను, ఇద్దరు సీనియర్లతో మాట్లాడాను. అమ్మ చిలుకూరు మొక్కుకుంది. ఈసారి అదే ప్రశ్నకి ఏ ల్యాబ్, ఏ కోర్సు, నా ప్రాజెక్టుకి దానికి ఏం సంబంధం, మూడు వాక్యాల్లో చెప్పాను. ఆఫీసర్ ఇంకో ప్రశ్న నాన్న ఏం చేస్తారని అడిగి వీసా ఇచ్చేశారు. తర్వాత చిలుకూరు వెళ్ళి 108 ప్రదక్షిణలు చేసొచ్చాం.

నీ డౌట్‌కి జవాబు: సగం అసిస్టెంట్‌షిప్, సగం లోన్ ఉంటే ఇబ్బంది కాదు. ఐ-20 మీదే యూనివర్సిటీ ఇచ్చేది ఎంత, నువ్వు చూపించాల్సింది ఎంత అని విడిగా ప్రింట్ అయి ఉంటుంది. లోన్ శాంక్షన్ లెటర్ ఆ మిగతా మొత్తానికి సరిపోవాలి. నెల కింద అకౌంట్లో ఎవరో వేసిన డబ్బు చూపించకు, అది అడుగుతారు. సెవిస్ (విదేశీ విద్యార్థుల రిజిస్ట్రేషన్) ఫీజు 350 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫీజు 185, ఇవి ముందే లెక్కలో పెట్టుకో. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, ఫామ్‌లో అడిగిన అకౌంట్లన్నీ రాయి, పాతది మర్చిపోయాను అనుకోకు.

హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబర్‌లో వచ్చిన వార్తకి మా ఇంట్లో కూడా టెన్షన్ పడ్డారు. చదువుకి, ఎఫ్-1కి ఆ ఫీజుతో సంబంధం లేదు. కానీ అప్పు తీర్చే లెక్క వేసేటప్పుడు అమెరికా ఉద్యోగం ఒక్కటే ఆధారంగా వేయొద్దు.

సివిల్_మేష్టారు

అమ్మా, నేను పాతికేళ్ళుగా ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చెప్తున్నాను. మీ పోస్టు చూసి ఎల్‌ఓఆర్‌ల (సిఫారసు ఉత్తరాల) గురించి రాయాలనిపించింది, ఎవరూ దాన్ని ఎత్తలేదు.

మూడు ఉత్తరాలు అడుగుతారు. మన పిల్లలు చేసేది ఒకటే, హెచ్‌ఓడీ దగ్గరికి, ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి వాళ్ళే టైప్ చేసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. ఆ ఉత్తరాల్లో మీ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా తేడా తెలియదు. మీకు మొదటి ఉత్తరం ప్రాజెక్టు గైడ్ గారే ఇవ్వాలి. ఆ శాంపిల్స్ తేడా ఆయన కళ్ళముందు జరిగింది. ఆయన దగ్గరికి ఉత్తి చేతులతో వెళ్ళకండి, ఏ నెలలో ఏం చేశారో ఒక పేజీ రాసిపెట్టుకుని వెళ్ళండి, మాకు ఏటా అరవై మంది ఉంటారు, అన్నీ గుర్తుండవు. రెండోది మీ సైట్‌లో ప్రాజెక్ట్ మేనేజర్. మూడోది ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చెప్పినవారు. ముగ్గురినీ కాలేజీ లేదా కంపెనీ మెయిల్ ఐడీ నుంచే పంపమనండి. సొంత జీమెయిల్ నుంచి వస్తే కొన్ని యూనివర్సిటీలు అనుమానిస్తాయి. చిన్న కాలేజీల్లో చాలామందికి ఆఫీసు మెయిల్ ఉండదు, ఉన్నా పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, అందుకే ఈ వారమే అడగండి. ట్రాన్స్‌క్రిప్ట్స్‌కి కూడా ఇప్పుడే అప్లై చేయండి, అవసరం పడిన రోజున చేస్తే చేతికి రావు.

మీరు బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీల్లో ఎవరైనా అయితే తెలంగాణ ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి కింద ఎంపికైనవాళ్ళకి 20 లక్షల దాకా ఇస్తుంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం ఉండాలి. బీసీలకి జ్యోతిబా ఫూలే పేరు మీద, ఎస్సీ, ఎస్టీలకి అంబేడ్కర్ పేరు మీద ఉంది. నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. డబ్బు అక్కడికి చేరాకే విడతలుగా వస్తుంది కాబట్టి బయల్దేరే ఖర్చుకి, వీసాకి లోన్ విడిగా ఉండాల్సిందే.

నల్గొండ_సివిల్

మేష్టారూ, మేం బీసీలమే, ఆ స్కీమ్ గురించి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మండల ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్‌కి నిన్న అప్లై చేశాను. గైడ్ సార్‌ని కలిశాను, ఆయన కాలేజీ మెయిల్ నిజంగానే పనిచేయట్లేదు, రెండు రోజుల్లో తెరిపిస్తా అన్నారు.

మూడు వారాలు పట్టింది, ఆరుగురు ప్రొఫెసర్లకి మెయిల్ రాశాను. ఒక్కో పేపర్ చదవడానికి మూడు నాలుగు రాత్రులు పట్టింది, సైట్ నుంచి వచ్చాక చదివేదాన్ని. నలుగురు జవాబివ్వలేదు. ఒకరు ఈ ఏడాది ఎవరినీ తీసుకోవట్లేదని ఒక్క లైన్ రాశారు. ఇంకొకరు ఫండింగ్ సంగతి జనవరి దాకా చెప్పలేనని, ముందు నీ శాంపిల్స్‌లో ఆల్కలినిటీ ఎంత వచ్చింది, టేబుల్ ఉంటే పంపు అని రాశారు. నిన్న రాత్రి 31 బోర్లకి ఫ్లోరైడ్, ఆల్కలినిటీ పక్కపక్కన పెట్టి షీట్ పంపాను. కన్సల్టెన్సీకి రానని ఫోన్ చేసి చెప్పేశాను.

వాటర్_ల్యాబ్_వరంగల్

చాలా మంచి జవాబు అది, చెల్లీ. అలా అడిగేవాళ్ళు తక్కువ. కానీ 38 కదా నువ్వు చెప్పింది. మిగతా ఏడు ఎందుకు లేవో షీట్‌లో రాశావా? ఆయన మొదట అడిగేది అదే.

నల్గొండ_సివిల్

రాయలేదన్నా. ఏప్రిల్‌లో మేం వెళ్ళేసరికి ఆ ఏడు బోర్లూ ఎండిపోయాయి. ఒక్కోటి ఎన్ని ఫీట్లో నా నోట్‌బుక్‌లో ఉంది, ఇప్పుడే రాసి పంపుతున్నాను.